కౌన్సిలర్ పెరట్లో కుళాయి

నేను అబద్ధాలకోరునని మా ఇంట్లో అంటారు. అది వట్టి నింద. అబద్ధాలకోరు లాభం కోసం చెబుతాడు. నేను పైసా లాభం లేకుండా ఇన్నేళ్ళుగా చెబుతున్నాను. అయితే ఈ ఒక్కటీ జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. నమ్మడం, మానడం మీ ఇష్టం.

డెబ్బైల చివరి మాట. నేను పోర్టులో గుమాస్తాని. మా వీధి హార్బరు వెనక కొండవాలులో ఉండేది. ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికల్లా ఓడలకెక్కించే ఇనపరాయి ధూళితో కాషాయం అయిపోయేది. సన్యాసం పుచ్చుకోకుండానే వీధిలో సగంమందిమి సన్యాసుల్లా తిరిగేవాళ్ళం. అంత వీధికీ ఒక్కటే కుళాయి, తెల్లవారుజామున గంటన్నర నీళ్ళు. అందుకని ముందురోజు సాయంత్రమే బిందెలు వరసలో పెట్టేవారు. బిందె ఉంటే మనిషి నిలబడినట్టే లెక్క. ఎవరి బిందెనీ ఎవరూ కదపకూడదు. దేశంలో ఏ చట్టం ఎలా నడిచినా మా వీధిలో ఆ చట్టం మాత్రం నడిచేది.

మా వార్డు కౌన్సిలర్‌ది కూడా ఆ వీధే. ఎలక్షన్‌కి ముందు ఓడల దగ్గర బస్తాలు మోసే కలాసీల ముఠాకి మేస్త్రీ. నాకు చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. మనవాడొకడు మునిసిపల్ ఆఫీసులో ఉంటే రెండో కుళాయి వస్తుందని అందరం కలిసి గెలిపించాం. ఏడాది దాటింది, కుళాయి రాలేదు. అతని భార్య బిందె మాత్రం పక్కనున్న సొట్టతో సహా రోజూ మా బిందెల మధ్యనే ఉండేది.

ఒక ఆదివారం టీకొట్టు దగ్గర నలుగురం చేరాం. టీకొట్టాయన గ్లాసు కడుగుతూ, "ఏటి బావా, మన కౌన్సిలర్ కనిపిత్తన్నాడా నీకు?" అని నన్నడిగాడు.

ఊరికే ఉండాల్సింది. ఉంటే నేను నేనెందుకవుతాను?

"కనిపించకేటి. నిన్న ఆడి పెరట్లోకి ఎల్లాను. సొంత కుళాయి ఏయించుకున్నాడు. తిప్పితే నీళ్ళు కొబ్బరిసెట్టు మొవ్వు దాకా ఎగుర్తన్నాయి. గేదికి ఈత నేర్పతన్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. అతనికి గేదె లేదు, కొబ్బరిచెట్టూ లేదు. కాబట్టి ఆ రెండూ అబద్ధాలని అందరికీ తెలుసు. కుళాయి మాత్రం అబద్ధమని ఒక్కరికీ తోచలేదు. ఓటు వేయించుకున్నవాడు కుళాయి వేయించుకోవడంలో వింత ఏముంది?

మర్నాడు తెల్లవారేసరికి అతని భార్య బిందె వరసలో లేదు. మురిక్కాలవ పక్కన పడి ఉంది. కుళాయికి ఎదురింట్లో ఒక ముసలావిడ ఉండేది. ముప్పై ఏళ్ళు చేపలమ్మిన గొంతు ఆవిడది. వీధి మొత్తానికి పిన్ని. కుళాయి దగ్గర ఆవిడ మాటే తీర్పు.

"మీ ఇంట్లో ఉంది కదేటమ్మా. మళ్ళీ మా నీళ్ళెందుకు నీకు?" అంది పిన్ని.

ఆ ఇల్లాలు బిందె తీసుకుని, రైలుగేటు దాటి పక్క వీధి కుళాయికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను పిన్ని గుమ్మంలో కూర్చుని, "పిన్నీ, ఆ కుళాయి నాను కల్పించిందే" అని ఒప్పేసుకున్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఎంతిచ్చాడ్రా నీకు?" అంది.

జన్మలో మొదటిసారి నిజం చెబితే దాని గతి అది. వేరే దారిలేక ఆవిడనీ, మరో ముగ్గురు ఆడవాళ్ళనీ వెంటబెట్టుకుని కౌన్సిలర్ పెరట్లోకి వెళ్ళాను. ఒక మునగచెట్టు, బట్టలుతికే రాయి, దండెం. అంతే. పిన్ని కాలితో మట్టి గీకి చూసింది.

"పీకేసినట్టున్నాడు" అంది.

మా వెనకాలే అతను నిలబడి ఉన్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. "రేపు ఆపీసుకి ఎల్తన్నాను బావా, తోడొత్తావా?" అన్నాడు.

వెళ్ళాను. మునిసిపల్ ఆఫీసరు గదిలో మూడు కుర్చీలుంటే మూడింటిలోనూ కాంట్రాక్టర్లు కూర్చున్నారు. అతను గుమ్మం దగ్గరే భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. మేస్త్రీగా ఉన్నప్పటి అలవాటు. ముప్పావుగంట నిలబడ్డాక ఆఫీసరు తలెత్తి, "రెండో కుళాయికి పైపులు లేవయ్యా, వచ్చాక చూద్దాం" అన్నాడు. మేము బయటపడ్డాం.

"కుర్చీ ఎయ్యమనాల్సింది. నువ్వు కౌన్సిలర్‌వి" అన్నాను.

"కూకుంటే నాకు మాట రాదు బావా." కాస్త దూరం నడిచాక మళ్ళీ తనే అన్నాడు. "కొబ్బరిసెట్టు దాకా నీళ్ళెగిరితే ఎలాగుంటాదో అని నానూ మాయావిడా నవ్వుకున్నాం. తరవాత అది ఏడిసింది. ఓటు పోతే పోనీ. బిందె మాత్రం లైన్లో ఉండాల. అది నేకపోతే నాను ఈ ఈదిలో మనిసినే కాను."

నేను తల వంచుకుని నడిచాను. పక్కన మాట్లాడేవాడుండగా అంత దూరం నోరు మూసుకోవడం నాకు అదే మొదలు.

మర్నాడు తెల్లవారుజామున అతనే బిందె పట్టుకుని వచ్చి అందరికన్నా చివర నిలబడ్డాడు. బిందె పెడితే తోసేస్తారు, మనిషిని తోయలేరు కదా. అతని వంతు రాకముందే నీళ్ళు ఆగిపోయాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు పిన్ని ఉండబట్టలేక అడిగింది.

"నిజంగానే నేదేటి ఇంట్లో?"

"నేదు పిన్నీ."

"కౌన్సిలరయ్యి ఇంటికే తెచ్చుకోనేనోడివి, మాకేటి తెత్తావురా?"

ఆవిడ విసవిసా వెళ్ళి, అతని చేతిలో బిందె లాక్కుని, తన బిందె వెనకాల పెట్టింది. "ఇంటికి పో. సాయంత్రం మీ ఆడదాన్ని రమ్మను" అంది.

తరవాత వచ్చిన ఎలక్షన్‌లో అతను ఓడిపోయాడు. జీపులో తిరిగే ఆసామీ ఒకడు గెలిచాడు. స్టీల్‌ప్లాంటులో ఉద్యోగాలు ఇప్పిస్తానని ఆ జీపాయన మా వీధిలోనే ఇరవైమందికి చెప్పాడు. నేనైనా అంత ధైర్యంగా చెప్పలేను.

పిన్నిని గట్టిగా అడిగాను, ఎవరికి వేశావని.

"జీపోడికే" అంది దాచకుండా. "మనోడు మంచోడే. మనలాటోడు. మనం సెప్తే ఎవుడింటాడు, మనలాటోడు సెప్తే మాత్రం ఎవుడింటాడు?"

జీపాయన ఆర్నెల్లయినా మా వీధిలో దిగలేదు. ఒకరోజు పొద్దున్నే పిన్ని ఒక తెల్లకాగితం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, పాత కౌన్సిలర్ ఇంటికే వెళ్ళింది. రెండో కుళాయి కోసం నా చేత అర్జీ రాయించింది. కింద మా ఇద్దరికన్నా ముందు తనే వేలిముద్ర వేసింది.

ఓటు ఎవరికేశావని అతను ఆవిడని అడగలేదు. సిరా ఆరేదాకా కాగితం మీద ఊదుతూ కూర్చున్నాడు. తరవాత దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "పద బావా, ఆపీసరు పదిన్నరకి వత్తాడు" అని లేచాడు.