మా పెదనాన్న వంశపు తుపాకీ

నా చిన్నప్పుడు, అంటే తొంభైల్లో, మా వైపు వరిచేలు వరసగా రొయ్యల చెరువులయ్యాయి. డబ్బు అందరికంటే ముందు మా పెదనాన్నకు వచ్చింది. ద్రాక్షారామం రోడ్డు మీద మేడ లేపాడు, కారు కొన్నాడు, చేతికి నాలుగు ఉంగరాలు తొడిగాడు. ఇంకా ఏం తక్కువైందా అని చూసుకుంటే వంశం తక్కువైంది.

అదీ దొరికింది. తాతయ్య పోయాక పాత ఇంటి అటక దులిపితే, గోనెసంచిలో చుట్టిన పొడవాటి తుపాకీ ఒకటి బయటపడింది. గొట్టం మూతిలోంచి మందు పోసి, కడ్డీతో కూరి పేల్చే పాతకాలపు రకం. ఎవరిదో, ఎక్కడిదో, మా ఇంటికెలా వచ్చిందో ఎవరికీ తెలియదు. తెలిసుంటే తాతయ్యకే తెలిసుండాలి, ఆయన్ని బతికుండగా ఎవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు. గొట్టం మొదట్లో అరిగిపోయిన పువ్వు గుర్తు ఒకటి ఉండేది. మా పెదనాన్నకు ఆ పువ్వు చాలు. వారం తిరక్కుండా అది రాజముద్ర అయింది. నెల తిరిగేసరికి ఆ తుపాకీ మా తాత ముత్తాతల్లో ఎవరో ఒక రాజుగారి ప్రాణం కాపాడి పుచ్చుకున్న బహుమానం అయింది. ఆ రాజెవరన్నది మాత్రం వినేవాళ్ళను బట్టి మారుతుండేది.

రాజమండ్రి నుంచి చరిత్ర చెప్పే మాస్టారు ఒకాయన్ని కారు పంపి పిలిపించాడు. ఆయన చేపల పులుసుతో సుష్టుగా భోంచేసి, తుపాకీని ముట్టుకోకుండా కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ చూసి, ఇది ఫ్రెంచివాళ్ళదని, యానాం మీదుగా వచ్చి ఉంటుందని తేల్చాడు. పెదనాన్న మొహం ముడుచుకోవడం చూసి, ఫ్రెంచివాళ్ళే రాజుగారికి ఇచ్చి ఉండొచ్చని వెంటనే సర్దాడు. అంత చదువూ పులుసు ముక్కకు లొంగిపోయింది. ఆయన వెళ్ళాక పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి ఫొటో తీయించారు. తుపాకీ పెదనాన్న చేతిలో ఉంది, దాని మూతి మా తమ్ముడి చెవి పక్కన ఉంది. నేనేం తక్కువ తినలేదు. బళ్ళో ఆ రాజుగారి కథ చెప్పి, నమ్మని పిల్లతో నెల రోజులు మాట్లాడటం మానేశాను.

గృహప్రవేశం నాటికి తుపాకీ హాల్లో గోడకు వేలాడాలని పెదనాన్న ఆజ్ఞ. రెండు మేకులు కొట్టి వాటి మీద పెడితే పోయేదానికి, గొట్టానికే ఇత్తడి కొక్కేలు అతికించాలన్నాడు. అందుకని ఊరి చివర కొలిమి తాత దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఆ తాత ఊళ్ళో అందరి కొడవళ్ళకూ పదును పెట్టేవాడు. ఆ రోజు సెలవు కావడంతో మేమూ వెంటపడ్డాం. మా తమ్ముడికి అయిదేళ్ళు, నిప్పంటే సరదా. వెళ్ళగానే కొలిమికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"రాజుల నాటిది, గీత పడకూడదు. గొట్టం కాల్చి ఈ కొక్కేలు అతికించు," అన్నాడు పెదనాన్న.

తాత తుపాకీ అందుకున్నాడు. పువ్వు వైపు చూడనేలేదు. మూతిని ఖాళీ చేను వైపు తిప్పి, మమ్మల్ని తన వెనక్కి వచ్చి నిలబడమన్నాడు.

"ఆయ్, ముందు లోపలేవుందో చూద్దావండి బాబుగారూ."

"ఇన్నేళ్ళు అటక మీదున్నదాన్లో ఏముంటుందయ్యా, ఎలకలా? చెప్పింది చెయ్యి."

తాత వాదించలేదు. గొట్టం కింద ఉన్న కడ్డీని లాగి మూతిలోకి జార్చాడు. అది లోపల ఎక్కడో మెత్తగా ఆగింది. మూతి దగ్గర కడ్డీ మీద వేలు పెట్టి పట్టుకోమని నన్ను పిలిచాడు. ఆ వేలు కదలకుండా కడ్డీని బయటికి తీయించి, వేలు మూతికి సరిగ్గా వచ్చేలా గొట్టం పక్కన పెట్టించాడు. గొట్టం మొదట్లో నిప్పు దిగే చిన్న బెజ్జానికి నాలుగు వేళ్ళ దూరంలోనే కడ్డీ కొస ఆగిపోయింది.

"ఆ నాలుగు వేళ్ళ మేరా ఏవుంటుందంటారు పాపగారూ?" అని అడిగాడు. నాకు తెలిసింది, తమ్ముణ్ణి రెక్క పట్టుకుని ఇంకాస్త వెనక్కి లాగాను.

మూతిలో కాసిని నీళ్ళు పోసి నానబెట్టి, మెలికల చువ్వతో ఓపిగ్గా లాగాడు. ముందు కొబ్బరి పీచు ఉండ వచ్చింది. తర్వాత ఆవగింజలంత సీసపు గుళ్ళు, మళ్ళీ పీచు, చివరికి నల్లటి మందు. అడుగున తడి తగలని చిటికెడు తీసి నిప్పు మీద వేశాడు. అది బుస్సుమని తాత మోచేతి ఎత్తున లేచింది. పెదనాన్న చెప్పులు వదిలేసి నాలుగడుగులు వెనక్కి దూకాడు.

తాత అప్పుడు చెప్పాడు, ఇది చేలో పిట్టల్ని తోలే నాటు తుపాకీ అని, ఇలాంటివి వాళ్ళ నాన్నే చేసేవాడని. కొబ్బరి పీచు కూరింది ఈ చుట్టుపక్కల వాడే తప్ప ఫ్రెంచివాడు కాదన్నాడు. పువ్వు సంగతి అడిగితే, అతుకు కనబడకుండా అలా కొట్టేవారన్నాడు.

"నీకా అనుమానం ఎందుకొచ్చిందయ్యా?" అన్నాడు పెదనాన్న, గొంతు సవరించుకుని.

"అనుమానం కాదండి. పిల్లలు ఎదర కూచున్నారు కదండీ."

పెదనాన్న ఆ మాటకు తలెత్తి మా తమ్ముడి వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. పిట్టల వేటంటే రాజులకు మహా ఇష్టమని గొణుక్కుంటూ తుపాకీ తీసుకుని కారెక్కాడు. తాతకు ఒక మంచిమాట కూడా చెప్పలేదు. పదకొండేళ్ళ వయసులో ఒక పెద్దమనిషిని చూసి నాకు మొదటిసారి అసహ్యం వేసింది. ఆ అసహ్యం నాకు ఈ రోజుకీ తప్పనిపించదు.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. అన్నగారి మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని నాన్న మర్నాడే వెళ్ళి, తుపాకీ తీసుకుని పోలీస్ స్టేషన్లో అప్పజెప్పి వచ్చాడు. దాని గొప్పతనం తెలిసి గవర్నమెంటు వాళ్ళే మ్యూజియానికి పట్టుకుపోయారని పెదనాన్న పోయేదాకా చెప్పుకున్నాడు. వినేవాళ్ళు విన్నారు.

ఇప్పటికీ ఎవరైనా తమ వంశం గురించి మొదలుపెడితే నేను వాళ్ళ కథ సరిగా వినను. వాళ్ళు తమ పిల్లల్ని ఎక్కడ నిలబెట్టారో చూస్తాను.