అమ్మ కలిపిన పల్చటి కల్లు

మొన్న ఎండలు నెత్తి పగులగొడుతున్నప్పుడు, సెలవులకని హైదరాబాద్ నుంచి వచ్చిన మా చిన్నకోడలు ఫోన్ల చూసుకుంట పచ్చిమామిడికాయ రసం, పుదీన, సోడా కలిపి, అండ్ల జరంత బీరు పోసి, గిలాస అంచుకు ఉప్పు గూడ రాసి నా చేతికిచ్చింది. మత్తు ఉండీ లేనట్టుంటదట, ఎండకాలం ఇంట్ల కలుపుకునేటందుకు మంచిదట, గిట్ల పల్చగ తాగుడే ఇప్పటి కొత్త పద్ధతట. కొత్తదేంది నీ తలకాయ అని నోటిదాంక వచ్చింది గని, పిల్ల ముచ్చటపడి కలిపింది గదాని గిలాస నోటికానిచ్చిన. ఒక్క గుటక మింగిన్నో లేదో, ఆర్మూర్ల మా పాతింటి వాకిలి, అమ్మ, నాయిన, ఆ ఏడు మేము పడ్డ గోస అంత కండ్ల ముందటికి వచ్చింది. గిలాస పక్కకు వెట్టి లేచిన.

మన ఈడోళ్లకు చెప్పేదేముంది, మా దిక్కు కల్లంటె ఆడ మగ లేదు, దాపరికం లేదు. దేవత ముందట సాకని ధారవోసేది అదే, సుట్టమొస్తె మర్యాద అదే. నాయిన పసుపు మార్కెట్ల హమాలి. ఎండకాలం వేల్పూర్ దిక్కు నుంచి, కమ్మర్‌పల్లి దిక్కు నుంచి బండ్లు వచ్చి నిలబడితె పొద్దంత బస్తాలు మోసి, కనురెప్పల దాంక పసుపు పూసుకొని ఇల్లు చేరేటోడు. ఆయన కాళ్లు కడుక్కునే లోపట్నే అమ్మ కలుపుడు మొదలువెట్టేది. తాళ్లెక్కే మామ అప్పుడే దించి ఇచ్చిపోయిన లొట్టిల నుంచి చెంబెడు కల్లు, రంజన్ల నుంచి రెండు చెంబుల సల్లటి నీళ్లు, నిమ్మకాయ రసం, దంచిన అల్లం, ఇంత బెల్లం, నానవెట్టిన సబ్జ గింజలు. ఆ గింజలు పక్కింటి ఖాలా ఇచ్చేది. కల్లు వాసన గూడ గిట్టని మనిషి ఆమె. తన రంజాన్ శరబత్ గింజలు మా కల్లుల పడుతున్నయని తెలిసి తౌబా తౌబా అని చెంపలేసుకుంటనే, మల్ల పిడికెడు తెచ్చి గడపల పెట్టి పోయేది. ఇంట్ల ఒక్కరికి పోస్తె పెద్దోళ్లందరికి పొయ్యాలె, ఒంటిగ తాగినోనికి అది ఒంటబట్టదని నాయినమ్మ పట్టు. అందుకని నాయినమ్మ, నాయిన, అమ్మ ముగ్గురు వాకిట్ల కూసొని తలా ఒక గిలాస తాగుకుంట ముచ్చట్లు వెట్టేటోళ్లు. మత్తు లేదు గిత్తు లేదు, పెయ్యి సల్లవడేది, గంతే. పిల్లలకు మాత్రం ఉట్టి నిమ్మకాయ నీళ్లే.

గిట్ల నడుస్తుంటె తాళ్లెక్కే మామ ఒకేడు దుబాయి పోయిండు. ఎవరినేమంటం, పాణం తాటిచెట్టుకు కట్టి దించితె వచ్చేదెంత, ఆయన పిల్లలు ఆయనకు గావాలె గద. ఇగ కల్లంటె దుకాణమే దిక్కయింది, నాయిన అక్కడ కూసునుడు మరిగిండు. మనిషి బయట కూసుంటె ఇల్లు పాడైతదని, అమ్మ ఆ దుకాణం సీసలు ఇంటికే తెప్పిచ్చి, ఎప్పటి తీర్గనే నిమ్మకాయ పిండి, సబ్జలేసి, వాకిట్ల అందరికి పోసింది. ఆ కల్లుల చెట్టు పాలు తక్కువ, మత్తుమందు ఎక్కువ అని మాకేమెరుక? కల్లు సల్వ చేస్తదని పుట్టినకాంచి విన్న మనిషి కల్లును అనుమానిస్తదా!

నాయినమ్మ నిద్రతోని తెలిసింది మాకు. కోడి కంటె ముందు లేచి వాకిలి ఊడ్చే ముసల్ది, ఒకనాడు పొద్దు నెత్తి మీదికి వచ్చినా లేవలే. కుదిపి లేపితె నన్ను ఎగాదిగా చూసి, ఎవరి పిల్లవే నువ్వు అన్నది. అమ్మ సీస ఎత్తి వాసన చూసింది, ఒక చుక్క నాలికె మీద ఏసుకున్నది, మొత్తం మోరిల పోసింది. నాయిన పౌరుషం గల్ల మనిషి. తల్లి గట్ల పడుండుడు చూసి, ఇగ చుక్క ముడితె ఒట్టు అన్నడు. నాయినమ్మ తాగింది తక్కువ, నాలుగు దినాలకు తేరుకున్నది. ఇంటికి తెప్పిచ్చినా దుకాణం మానక, పని నడుమ ఆడింత, మాపు ఇంట్ల ఇంత తాగిన నాయినకే వచ్చింది కష్టం. తెల్లారె చేతులు వణుకుడు, గోడ దిక్కు సూసి ఎవరితోనో మాట్లాడుడు, మాపటికి ఫిట్సు. దవాఖానకు పరుగో పరుగు. డాక్టర్ సాబ్ గోలీలు రాసి, గిట్ల ఒక్కసారె ఆపితె పాణం మీదికొస్తది, దగ్గరుండి జర జర తగ్గియ్యాలె అని అమ్మను తిట్టినట్టే చెప్పిండు.

అప్పటినుంచి దుకాణానికి అమ్మనే పోయి సీస తెచ్చేది. మొగనికి తానే తాగిపిస్తున్నదని వాడకట్టంత నవ్వింది, నవ్వనియ్యి అన్నదామె. నిన్నటి కంటె ఇయ్యాల కల్లు జరంత తక్కువ, నిమ్మకాయ నీళ్లు జరంత ఎక్కువ. నాయిన ఇంకింత పొయ్యమని పసిపిల్లగాని లెక్క బతిలాడేటోడు, ఒకనాడైతె గిలాస తీసి గోడకు కొట్టిండు. అమ్మ ఇంకొకటి నింపింది, ముందు తాను తాగింది. నువ్వు తాగేదే నేను తాగుతున్న, సూడు, అన్నది. వానలు పడేటాల్లకు గిలాసల కల్లన్నదే లేకపాయె. చెప్తె మల్ల ఏమైతడో అని భయం, అందుకని సీస చేతవట్టుకొని దుకాణానికి పోయినట్టే పోయి వచ్చేది. ఒకనాడు నాయిననే గిలాస ఖాళీ చేసి, ఇగ పోకే, ఉట్టి నీళ్ల కోసం గంత దూరమెందుకు అన్నడు. అమ్మ కొంగు నోట్ల కుక్కుకొని ఇంట్లకు పోయింది.

నాయిన మల్ల బస్తాలు మోసిండు, మా పెండ్లిళ్లు చేసిండు, మనుమలను ఎత్తుకున్నడు. అమ్మ ఆయన కంటె ముందుగాలనే పోయింది. దినాలయి సుట్టాలందరు ఎల్లిపోయినంక, నాయిన నన్ను దగ్గర కూసోవెట్టుకొని అన్నడు: "మీ అమ్మ గూడ అన్ని దినాలు అదే తాగింది గద బిడ్డా. నాకు గోలీలన్న ఉండె, ఆమెకు అవి గూడ లేకుండె. బీడీలు చుట్టుకుంట చుట్టుకుంట, చేతులు వణికితె తొడల కింద వెట్టుకొని కూసునేది. మీరు సూడలే." నిజమే, సూడలే. మా ఇల్లంత నాయిన దిక్కే సూసుకుంట ఉన్నది.

ఆ తాళ్లున్న జాగల ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతిండ్రు. పల్చటివి, పుల్లటివి, రంగురంగులవి ఇంటింటికి వచ్చినయి, పిల్లలు కొలిచి పోసుకుంటున్నరు, నాకేం కోపం లేదు. అలవాటు మానిపిచ్చేటందుకు సెంటర్లు గూడ ఉన్నయట, మంచిదే. తోడు కూసొని తాగేటోళ్లకు ఏనాడు కొదువ లేదు. తోడు వణుక్కుంట మానేటోళ్లే, మా అమ్మతోనే అయిపోయినరేమో అనిపిస్తది.