సాక్ష్యంతో తీసిన దిష్టి

మా ఆయన, ఆయనతో లా చదివిన స్నేహితుడు కలిసి గుంటూరులో ప్రాక్టీసు పెట్టినప్పుడు ముందుగా కుదిరింది కక్షిదారులు కాదు, బోర్డు. మా అద్దె ఇంటి ముందు గదే ఆఫీసు. బోర్డు రాసే అతను వచ్చి మీరేమేం చేస్తారో చెప్పమంటే, ఇద్దరూ ఒకరిని మించి ఒకరు చెప్పారు. సివిలు, క్రిమినలు, దస్తావేజులు, కౌలు కాగితాలు, వీలునామాలు, వ్యాపారస్తులకు భాగస్వామ్య ఒప్పందాలు, మధ్యవర్తిత్వాలు. ఇవన్నీ రాసేసరికి చోటు చాలక, వాళ్ల పేర్లు కళ్లు చికిలించుకుని చూస్తే తప్ప కనపడనంత చిన్నవైపోయాయి. వీధిలో చాలామంది మా ఇంట్లో ఎవరో దస్తావేజుల వ్యాపారం పెట్టారనుకున్నారు.

మెల్లగా జనం రావడం మొదలైంది. ఒక ముసలాయన ఉండేవాడు. కోడలు పప్పులో ఉప్పు ఎక్కువ వేసిన రోజున వచ్చి వీలునామా మార్పించుకునేవాడు. పప్పు కుదిరిన రోజున వచ్చి మళ్లీ మొదటిదే రాయించుకునేవాడు. వేటపాలెం నుంచి ఇద్దరు బావామరుదులు జీడిపప్పు వ్యాపారానికి ఒప్పందం రాయించుకోవడానికి ఒకే రిక్షాలో, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వచ్చారు. అది రద్దు చేసుకోవడానికి వచ్చినప్పుడు రెండు రిక్షాల్లో వచ్చారు. మా ఆయనకి రెండుసార్లూ సంతోషమే.

కానీ ఆ ఆఫీసులో పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ దొరికే సేవ ఒకటుంది. అది బోర్డు మీద లేదు. దాని పేరు వాయిదా. జడ్జీ గారు సెలవంటే వాయిదా. అవతలి ప్లీడరుకి అజీర్తి చేస్తే వాయిదా. అందరూ వచ్చి కూర్చుంటే, అందరూ వచ్చారన్న ఆశ్చర్యంతోనో ఏమో, మళ్లీ వాయిదా. ఆ మాట ముందు గదిలోనే ఆగి ఉంటే నాకేమీ బాధ లేకపోను. అది గడప దాటి వంటింట్లోకి కూడా వచ్చింది. కిటికీ రెక్క ఊడిందంటే "వచ్చే వారం చూద్దాం" అనేవారు మా ఆయన. పాలవాడితో మాట్లాడమంటే "ఈ కేసు కానీ" అనేవారు.

అలాంటి రోజుల్లో మా ఇంట్లోకి ఆ బస్తా వచ్చింది.

తుళ్లూరు వైపు రైతొకాయన తన మిరపకాయలు గుంటూరులో ఒక వ్యాపారికి అమ్మాడు. కిందటేడు కాయ కలిపావు, ఘాటు లేదని వ్యాపారి డబ్బివ్వనన్నాడు. రైతు మా ఆయన దగ్గరికి వచ్చాడు. రెండు వైపుల పెద్దమనుషులూ కూర్చుని, ఆ సరుకులోంచే ఒక చిన్న బస్తా నింపి, మూతి కట్టి, లక్కతో సీలు వేశారు. కోర్టువారు అడిగినప్పుడు చూపించాలి. అందాకా మా ముందు గదిలో, బీరువా పక్కన. కోర్టువారు అడిగే రోజు వాయిదా మీద వాయిదా పడుతూ వచ్చింది.

అప్పుడే మా పాపకి దగ్గు పట్టుకుంది. తొమ్మిదో నెల. మొదట మామూలు దగ్గే. తర్వాత తెరలు తెరలుగా రావడం మొదలైంది. మొహం కందగడ్డలా అయిపోయేది. తాగిన పాలు కక్కేసేది. నేను ఉయ్యాల పక్కనుంచి కదిలేదాన్ని కాదు. బి.ఏ.లో లాజిక్ చదివినదాన్ని కదా, బస్తా వచ్చింది, దగ్గు వచ్చింది, కాబట్టి బస్తా వల్లే దగ్గని తేల్చేశాను.

"ఏమండీ, ఆ బస్తా బయట పెట్టించండి. పిల్ల ఊపిరాడక చస్తోంది."

"అది సాక్ష్యం. కదపకూడదు," అన్నారు ఆయన.

"పిల్ల కంటే ఎక్కువా?"

"అలా కాదు. బస్తాకీ దగ్గుకీ సంబంధం ఉందని రుజువేమిటి? ముందు గదిలో రోజంతా కూర్చునే గుమస్తా దగ్గడే!"

"గుమస్తా గారి ముక్కులో ముప్పై ఏళ్ల పొడుం ఉంది. ఆయనకి మిరపకాయేం లెక్క?"

ముందు గదిలోంచి గుమస్తా గారు పెద్దగా తుమ్మి, "చిత్తం," అన్నారు.

"పోనీ డాక్టరుకైనా చూపిద్దాం."

"చూపిద్దాం. ఈ గురువారం వాయిదా అయిపోనీ."

గురువారం వాయిదా అయిపోలేదు. పడింది. దానితోపాటే డాక్టరు కూడా.

ఒకరోజు పొద్దున్నే పాపకి వచ్చిన దగ్గు తెర ఎంతకీ ఆగలేదు. దగ్గి దగ్గి, చివర గాలి పీల్చుకునేటప్పుడు కోడిపుంజు కూత లాంటి మోత ఒకటి వచ్చింది. నేను పాపని ఎత్తుకుని కేక పెట్టాను. మా అత్తగారు పూజ మధ్యలో లేచి వచ్చింది.

"ఇది మందుల దగ్గు కాదమ్మాయ్. దిష్టి. ఆ జీడిపప్పు వాళ్లు పోతూ పోతూ పిల్లని ఎలా చూశారో నేను చూళ్లేదూ?"

ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని పాప చుట్టూ తిప్పి, తీసుకెళ్లి పొయ్యిలో పడేసింది. నేను చప్పున పాప ముక్కుకి చీర చెంగు అడ్డం పెట్టాను. ఏమీ రాలేదు. ఘాటు లేదు, దగ్గు తెప్పించే కోరు లేదు. పొయ్యి మీదికి వంగి చూస్తున్న అత్తగారికి కూడా తుమ్మైనా రాలేదు. కాయలు మాడి నల్లబడి ఊరుకున్నాయి.

"చూశావా!" అంది ఆవిడ విజయగర్వంతో. "ఒక్కరికైనా దగ్గొచ్చిందా? ఎంత దిష్టి ఉందో!"

మా వైపు ఇళ్లలో ఇది తిరుగులేని లెక్క. పొయ్యిలో వేసిన మిరపకాయలు కోరెక్కితే దిష్టి లేనట్టు, కోరు రాకపోతే ఉన్నట్టు. కానీ నాకు ఇంకో అనుమానం వచ్చింది. డబ్బాలో మిరపకాయలు నిన్నే అయిపోయాయి.

"అత్తయ్యా, కాయలెక్కడివి?"

"ముందు గదిలో బస్తాడు పెట్టుకుని నాలుగు కాయలకి బజారుకి పోతామా?"

కోర్టుకి తయారవుతున్న మా ఆయన చేతిలో కోటు చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా! అది సీలు వేసిన బస్తా!"

"నీ సీలు నేను ముట్టుకోలేదురా. అడుగున కుట్టులోంచి లాగాను."

ఆయన కోటు కుర్చీ మీద పడేశారు. సాక్ష్యాన్ని సొంత తల్లి పొయ్యిలో పెట్టడం ఒక ఎత్తు. ఆ సాక్ష్యం ఘాటు లేనిదని తేలడం ఇంకో ఎత్తు. తర్వాత నావైపు తిరిగారు.

"నా కేసుతో పాటు నీ కేసూ పోయింది. పొయ్యిలో వేసినా ఘాటు రాని కాయ, బస్తాలో ఉండి పిల్లకి దగ్గు తెప్పిస్తుందా?"

గెలిచానన్నట్టు నవ్వబోయారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నాకు తట్టిందే ఆయనకీ తట్టింది. బస్తా కాకపోతే మరి దగ్గు దేనివల్ల?

"పదండి," అన్నాను.

"కోర్టుకి..."

"కోర్టు వాయిదా వేసుకోండి."

డాక్టరు గారు పాప దగ్గడం ఒక్కసారే విన్నారు. చివర కూత వినగానే తల ఊపారు. "కోరింత దగ్గు. ఇన్నాళ్లు ఏం చేస్తున్నారండీ? చంటిపిల్లలకి ఇది మంచిది కాదు."

బోనులో దొరికిపోయిన సాక్షిలా మా ఆయన నేల చూపులు చూశారు. డాక్టరు గారు మందు రాసిచ్చి, పాలు కొంచెం కొంచెంగా పట్టమని, తెర వచ్చినప్పుడు భుజాన వేసుకుని కూర్చోమని చెప్పారు. అలా ఎన్ని రోజులు కూర్చున్నామో! ఒక తెరకి నేను, ఒక తెరకి ఆయన. ఆ రోజుల్లో ఆయన కేసులన్నీ స్నేహితుడే చూసుకున్నారు, అంటే వాయిదాలు అడిగారు.

మధ్యలో రైతు వచ్చాడు. మా ఆయన దాచకుండా జరిగింది చెప్పారు, అవతలి ప్లీడరుకి కూడా చెప్పాల్సిందేనన్నారు. రైతు కాస్త ఆలోచించి, "ఘాటు రాలేదంటే అది పాప దిష్టండీ ప్లీడరు గారూ, కాయ తప్పు కాదు. కావాలంటే పెద్దమ్మగారి చేత సాక్ష్యం చెప్పిద్దాం," అన్నాడు. కోర్టుకి ఏ పట్టుచీర కట్టుకోవాలా అని అత్తగారు అప్పటికే ఆలోచిస్తోంది. మా ఆయన మాత్రం రైతు కళ్లలోకి చూస్తూ కూర్చున్నారు. చివరికి రైతు కండువా దులుపుకుని, "కిందటేడు కాయ కొంచెం కలిసిందే అనుకోండి..." అన్నాడు. ఆ కొంచెం మీద వ్యాపారితో రాజీ కుదిరింది. మా ఆఫీసులో వాయిదా లేకుండా తేలిన మొదటి వ్యవహారం అదే. బస్తా వెళ్లిపోయింది.

వాన చినుకులు మొదలయ్యేసరికి పాప తేరుకుంది. అది తెలిసి రైతు చేటెడు కొత్త కాయలు పట్టుకొచ్చాడు. "ఇవి చూడండమ్మా. ఇదీ నా కాయ."

అత్తగారు ఊరుకుంటుందా? పిల్ల కోలుకుంది కదా, మళ్లీ కళ్లు పడతాయని దిష్టి తీసింది. కాయలు పొయ్యిలో పడ్డాయో లేదో, ఇల్లంతా కోరెక్కిపోయింది. అత్తగారు దగ్గుతూ పెరట్లోకి పరిగెత్తింది. గుమస్తా గారు వీధిలోకి పోయారు. రైతు కళ్లు తుడుచుకుంటూనే, "చూశారా ప్లీడరు గారూ!" అని మురిసిపోయాడు.

నా భుజం మీద పాప కూడా దగ్గింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. చివర కూత లేదు. మా అందరి దగ్గులాంటి దగ్గే.