అతుక్కుపోయిన పేజీలు

నాకు కోపం ఎక్కువ. బడిలో అందరికీ తెలుసు. పిల్లల మీద కాదు, పిల్లల్ని చూపించి "వీడికేం ఎక్కదు లెండి మేడం" అనేవాళ్ల మీద. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు రోజూ బస్సులో పోయి వస్తాను. అక్కడి హైస్కూల్లో రిసోర్స్ రూమ్ టీచర్ని. చదవడం, రాయడం అందరిలా పట్టుబడని పిల్లలు రోజుకు రెండు పీరియడ్లు తమ తరగతి వదిలి నా గదికి వస్తారు. వాళ్లకు తెలివి ఉంటుంది, అక్షరమే చిక్కదు. నాకిచ్చింది అంతకుముందు మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు వేసుకున్న గది. ఎండాకాలం తలుపు తీస్తే ఇప్పటికీ ముక్కిపోయిన బియ్యం వాసన వస్తుంది. బయటి పిల్లలు దాన్ని "మొద్దుల రూము" అనేవాళ్లు. ఆ మాట నా చెవిన పడిన రోజు నేను చేసిన గొడవకు హెడ్మాస్టరు గారు ప్రేయర్లో అందరికీ గడ్డి పెట్టారు. అప్పటినుంచి నా ముందు ఎవరూ అనలేదు. నా వెనక సంగతి నాకు తెలియదు.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతిలో నా దగ్గరికి వచ్చింది. తండ్రికి బజారులో కిరాణా అంగడి. బడి వదిలాక అక్కాచెల్లెళ్లిద్దరూ అంగట్లోనే కూర్చునేవాళ్లు. గిరాకీ వచ్చి పదిహేను సరుకులు ఏకబిగిన చెప్పినా ఈ పిల్ల ఒక్కటి మరిచిపోకుండా కట్టేది. ధనియాలు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి కొత్తవో పాతవో చెప్పేది. అదే పిల్లకు పలక మీద మూడక్షరాల మాట రాసి చూపిస్తే కొత్త మనిషిని చూసినట్టు చూసేది. ఏడాదంతా ఇసుక పళ్లెంలో వేలితో రాయించాను, రంగు కాగితాల మీద దిద్దించాను, ఒక్కో శబ్దం పలికించాను. కొన్ని రోజులు ముందుకు పోయేది, కొన్ని రోజులు నిన్నటిది కూడా మరిచేది.

పదో తరగతి మొదలైన నెలకు, ఒక పొద్దున తెలుగు వాచకం తీసి, వరస కింద వేలు పెట్టి, మొదటి పాఠం గడగడా చదివింది. ఎక్కడా తడబడలేదు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఉబ్బి తబ్బిబ్బయిపోయి స్టాఫ్ రూముకు పరిగెత్తి, తెలుగు మాస్టారినీ, లెక్కల మేడమ్‌నూ, "ఎక్కదు లెండి" అన్న ప్రతివాళ్లనూ పిలుచుకొచ్చి మళ్లీ చదివించాను. ఆ పిల్ల మళ్లీ చదివింది. నేను వాళ్ల ముఖాలు చూస్తూ నిలబడ్డాను. ఆ పిల్ల ముఖం చూసి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత వారం వారం ఒక పాఠం చదివేది. మా ట్రైనింగులో మొట్టమొదట చెప్పేది, పిల్లలు చదువుతున్నారనిపిస్తే వాళ్లెప్పుడూ చూడని పేజీ ఇచ్చి చదివించమని. వేరే టీచర్లకు నేనే ఎన్నోసార్లు చెప్పిన మాట అది. ఈ పిల్లకు మాత్రం ఇయ్యలేదు. గుర్తురాక కాదు. ఇయ్యాలని నాకు లేదు.

పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే సమయం వచ్చింది. చదవలేని పిల్లలకు ఒక సదుపాయం ఉంది. ప్రశ్న చదివి వినిపించడానికి, వీళ్లు నోటితో చెప్పింది రాయడానికి కింది తరగతి పిల్లను పక్కన కూర్చోబెడతారు. దానికి నంద్యాల పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తేవాలి. హెడ్మాస్టరు గారు ఈ అమ్మాయి సంగతి అడిగారు. నేను అంగడికి పోయి వాళ్ల నాయనతో మాట్లాడాను.

"ఆసుపత్రిలో రాయించుకుంటే జనాలు పిచ్చిపిల్ల అంటారు మేడం," అన్నాడాయన, పొట్లం కడుతూనే. "మీరే చెప్పండి. చదువుతాందా, లేదా?"

"చదువుతోంది," అన్నాను. "సర్టిఫికెట్ అవసరం లేదు."

ఆయన చేస్తున్న పని ఆపి రెండు చేతులూ జోడించాడు. నేను బడికి వచ్చి, ఆ సదుపాయం కావాల్సిన పిల్లల జాబితాలోంచి ఆ పిల్ల పేరు తీసేయించాను.

ఫిబ్రవరిలో, పరీక్షలకు నెల ఉందనగా, ఒక మధ్యాహ్నం ఆమె ఉపవాచకం చదువుతోంది. నేను వెనక నిలబడి భుజం మీదుగా పుస్తకం చూస్తున్నాను. అంగట్లో బెల్లం దిమ్మెల పక్కన పెట్టినట్టుంది, లోపలి రెండు ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఆమె రెండింటినీ కలిపి ఒకే ఆకులా తిప్పింది. కళ్లెదుట ఉన్నది పాఠం చివర ప్రశ్నల పేజీ. ఆమె నోటివెంట వస్తున్నది లోపల మూసుకుపోయిన కథ. వేలు మాత్రం ప్రశ్నల కింద వరస తప్పకుండా జరుగుతోంది. గొంతు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది. చివరిదాకా అలాగే నిలబడి విన్నాను.

"ఎవరు చదివి వినిపించారు?" అన్నాను.

వేలు ఆగిపోయింది. "మా చెల్లెలు. దినామూ సాయంత్రం అంగట్లో."

"ఎప్పటినుంచి?"

"మొదటి పాఠం కాడ్నుంచీ."

"నాకెందుకు చెప్పలేదు?"

తల ఎత్తకుండానే అంది: "ఆ పొద్దు మీరు ఏడిస్తిరి గదా మేడం. అందర్నీ పిల్చుకొచ్చి ఇనిపిస్తిరి. అంత సంతోషపడ్తాంటే ఎట్ల చెప్పేది?"

ఏడు నెలలు ఆ పిల్ల నా కోసం చదివింది. నేను టీచర్ని, ఆమె నన్ను సాకింది. నాకు ఎవరి మీదా కోపం రాలేదు, సిగ్గేసింది. పాఠాలన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఏ ప్రశ్న అడిగినా చెప్పగలదు. కానీ పరీక్ష హాల్లో ఆ ప్రశ్న చదివి వినిపించే మనిషే ఉండడు. ఉండనీయకుండా చేసింది నేను.

హెడ్మాస్టరు గారు విని తల పట్టుకున్నారు. "గడువు అయిపోయింది గదమ్మా," అన్నారు. అయినా వెంటనే ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చారు. సాయంత్రం అంగడికి పోయి తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన చిన్న కూతురి వైపూ, పెద్ద కూతురి వైపూ చూశాడు.

"మీరు చదువుతాందని చెప్పినందుకే గదా నేను ఊరుకునింది," అన్నాడు. కాసేపటికి, "యాడికి పోవల్ల? ఎప్పుడు?" అన్నాడు.

మరుసటి రోజు సంత. చుట్టుపక్కల పల్లెలన్నీ వచ్చే రోజు ఆయన అంగడి మూశాడు. ముగ్గురం నంద్యాల బస్సెక్కాం. శిరివెళ్ల దాటాక ఆయన నా వైపు తిరిగాడు.

"పిచ్చిదని రాస్తారా మేడం?"

"లేదన్నా. తెలివంతా బాగుంది, చదవడం ఒక్కటే కష్టమని రాస్తారు."

"ఆ పొద్దే ఈ ముక్క చెప్పింటే పిల్చుకొని పోయేవాన్ని గదా," అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాం. సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని పట్టుకుని విద్యాశాఖ ఆఫీసుకు పోయాను. గడువు దాటిన దరఖాస్తు, పై వాళ్ల అనుమతి రావాలన్నారు. తప్పు వాళ్లది కాదు. పరీక్షలు మొదలయ్యాయి. మొదటిది తెలుగు. ఆ రోజు నేను పరీక్షా కేంద్రం గేటు బయట ఎండలో నిలబడ్డాను. ఆమె చివరిదాకా కూర్చుని బయటికి వచ్చింది.

"ఏం రాసినావు?"

"ప్రశ్నాపత్రంలో ఉండేటివన్నీ చూసి చూసి దించినా మేడం. ఒక్క అక్షరమూ ఇడ్సిపెట్టలే. నాలుగు పేజీలు అయినాయి."

రెండో రోజు హిందీ, అదీ అంతే. ఆ సాయంత్రం అనుమతి వచ్చింది. మూడో పరీక్ష నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి పక్కన కూర్చుని ప్రశ్నలు చదివింది, ఈమె చెప్పింది రాసింది.

ఫలితాల్లో మిగిలినవన్నీ పాసయింది. సైన్సులో మంచి మార్కులొచ్చాయి. తెలుగు, హిందీ తప్పింది. తెలుగు, మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా అక్షరం పొల్లుపోకుండా నోటికొచ్చిన సబ్జెక్టు.

అంగడికి పోయాను. తప్పు నాదని తండ్రి ముందు, ఆ పిల్ల ముందు చెప్పాను. ఆయన ఎవరికో కందిపప్పు తూకం వేస్తూ ఉండిపోయాడు. అమ్మాయి స్టూలు తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు.

"సప్లిమెంటరీ రాస్తా మేడం," అంది. "బిరీన పేరు పంపియ్యండి."

"పంపిస్తాను. ఏం కావాలో చెప్పు, అన్నీ నేనే చూసుకుంటాను."

ఆమె ఒకసారి తండ్రి వైపు చూసి, నా కళ్లలోకి నేరుగా చూసింది. ఆ చూపు తప్పించుకుందామనిపించింది.

"మీ మాటైతే అందరూ నమ్ముతారు," అంది. "ఈ తూరి నాకు చదవనీకి రాదని చెప్పండి."