ఊదుబత్తికి కట్టిన ఎర్రదారం

మా మేనత్త పోయిన కబురు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని రెండు వాక్యాలు రాశాను. నిమిషం తిరక్కుండా చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. వాటి మధ్యలో మా పెదనాన్న కొడుకు ఒక మాట రాశాడు: "పాపం, సంపాదించిందంతా ఆ కాలంలో ఫోన్ బిల్లులకే పోసింది. తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు."

అక్కడే జవాబు రాసి, చెరిపేశాను. ఇదే ఆ జవాబు. "పాపం" అనే మాట మా అత్తకు అంటదు. అంటనివ్వను.

అత్త బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్ళయిన రెండేళ్ళకు పుట్టింటికి వచ్చేసి మాతోనే ఉండిపోయింది. ఎందుకొచ్చావని ఎవరైనా దీర్ఘాలు తీస్తే "బస్సు దొరికింది, వచ్చినా" అనేది. నేను పీయూసీ లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న ఏడాది, నాన్న నన్ను కూడా అదే ఫ్యాక్టరీలో మిషను మీద కూర్చోబెడదామన్నాడు. అత్త ఒప్పుకోలేదు. వాళ్ళ ఆఫీసులో ఒకతను కంప్యూటర్ మీద చొక్కా కొలతలు గీస్తుంటే గది అద్దంలోంచి చూసిందట.

"కత్తెర పట్టకుండానే బట్ట కత్తిరిస్తా ఉండాడప్పా! మన పాప అది నేర్సుకోవాల."

ఆ పని నేర్పేవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. ఇంటర్నెట్‌లో ఉంటారని ఎవరో చెప్పారు. ఫ్యాక్టరీ వాళ్ళు పాతబడిందని అమ్మేస్తున్న కంప్యూటర్‌ను అత్త ఆటోలో వేసుకొచ్చింది.

ఆ రోజుల్లో నెట్ వచ్చేది ఫోన్ లైన్ మీదే. మోడెం కాసేపు కీచుమని కూసి కలిసేది. కలిసినంతసేపూ ఫోన్ మాట్లాడుతున్నట్టే మీటరు తిరిగేది, బయటివాళ్ళకు మా లైను దొరికేది కాదు. మాకిదంతా తెలియదు. పని అయ్యాక టీవీ ఆపినట్టు తెర మాత్రం ఆపేసి, దుమ్ము పడకుండా తువ్వాలు కప్పేవాళ్ళం. తువ్వాలు కింద లైను గంటలకొద్దీ అలాగే కలిసి ఉండేది.

బిల్లు చూసి నాన్న కుర్చీలో కూలబడ్డాడు. ఆయనది కట్‌పీసుల వ్యాపారం, బేరాలన్నీ ఫోన్ మీదే. "ఇంక మీ ఇద్దురి ఆటలు సాలు" అని బజారుకు పోయి చిన్న తాళం తెచ్చి, ఫోన్ డయల్‌కి బిగించాడు.

అత్త చీటీ పాడి బిల్లు కట్టింది. సొంత మిషను కొనుక్కుని ఉద్యోగం మానేయాలని వేసుకున్న చీటీ అది. రసీదు నాన్న చేతిలో పెట్టి, ఆయన చూస్తుండగానే గోడ దగ్గరి తీగ తీసి మోడెంకి గుచ్చింది.

"బీగం ఫోనుకు ఏసినావు. తీగెకు ఏయలేదు కదన్నా! నీ బేరాల టైములో ముట్టను. బిల్లు మాత్రం నాది."

ఆ తాళం ఇంకో నెల రోజులు డయల్‌కి ఊరికే వేలాడింది.

తర్వాత అత్త ఒక పద్ధతి పెట్టింది. ఊదుబత్తికి సగం దగ్గర ఎర్రదారం చుట్టేది. మోడెం కూయగానే వెలిగించేది. నిప్పు దారం దగ్గరికి వచ్చేసరికి నేను డిస్కనెక్ట్ నొక్కేయాలి. అడగాల్సినవన్నీ ముందే కాగితం మీద రాసుకుని, టైపు చేసి ఉంచుకోవాలి. మా అవ్వ కంప్యూటర్ ముందు పొగ చూసి రోజూ ఒక దణ్ణం పెట్టుకుని పోయేది. ఆమెకు మేము చివరిదాకా నిజం చెప్పలేదు.

కొలతలు గీయడం గురించి రాసే ఒకావిడ సైటు దొరికింది. ఆవిడకు ఉత్తరం టైపు చేశాను గానీ పంపడానికి చెయ్యి రాలేదు.

"నా ఇంగ్లీషు చూసి నవ్వుతుందేమో అత్తా."

"నవ్వనీ. ఆయమ్మ నవ్వేది మనకు ఇనపడదు. సిగ్గుపడేదానికి గూడా మీటరు తిరుగుతాది మే, పంపు!"

పంపాను. మూడు రోజులకు జవాబొచ్చింది. చంక దగ్గర వంపు ఎలా గీయాలో ఓపిగ్గా రాసిందావిడ. అత్త దాన్ని నాతో చదివించుకుని, పాత పేపరు మీద గీసి, అవ్వకు జాకెట్ కుట్టింది. ఎక్కడా ఒక్క ముడత పడలేదు. "సరింగా చెప్పిందప్పా ఆయమ్మ" అని ఆ జాకెట్‌ను రెండు రోజులు అందరికీ చూపించింది.

అలా రెండేళ్ళు. ఆ తర్వాత అదే ఫ్యాక్టరీ ఆఫీసులో, అదే అద్దం వెనక నాకు కుర్చీ దొరికింది. అత్త అటు పోతూ గోటితో అద్దం మీద ఒక్కసారి కొట్టేది. తల తిప్పకుండా పోయేది.

సొంత మిషను మాత్రం ఆవిడ కొనలేదు. బిల్లు వెనక బిల్లు వచ్చింది, చీటీ వెనక చీటీ పోయింది. నేను కొనిస్తానన్న రోజుకి "ఇప్పుడు కండ్లు యాడుండాయి" అంది. అయినా, పాపం అన్నావు కదా, నీకొకటి చెబుతాను విను అన్నా: ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నా రూపంలో కూర్చుని నలుగురికి ఆ పని నేర్పుతూ జీతం తీసుకుంటోంది చూడు, ఆ డబ్బే. దాన్ని ఎక్కడ పెడుతోందో అత్తకు బాగా తెలుసు.

కర్మ రోజున అందరూ వచ్చారు. తలా ఒక ఫోను, చేతిలో ఎడతెగని నెట్. నేను అత్త ఫోటో ముందు కూర్చుని ఊదుబత్తికి సగం దగ్గర ఎర్రదారం చుట్టాను.

"అదేం శాస్త్రమే?" అన్నాడు పెదనాన్న కొడుకు.

"మా అత్త శాస్త్రం" అని వెలిగించాను.

పొగ పైకి లేచింది. నిప్పు మెల్లగా దారం దాకా వచ్చింది. మోకాలి మీద నా వేలు డిస్కనెక్ట్ నొక్కడానికి దానంతటదే లేచింది. చెయ్యి ఒళ్ళోకి లాక్కుని గట్టిగా మూసుకున్నాను. దారం కాలి రాలిపోయింది. నిప్పు ఆగకుండా మిగతా సగంలోకి పోయింది.