అన్న గది గంట

అన్నకు పక్షవాతం వచ్చి మాట, కుడి చెయ్యి, కుడి కాలు పోయాక అతని మంచం పక్క గోడకు ఒక చిన్న బటన్ బిగించాను. ఎడమ చేత్తో దాన్ని నొక్కితే ముందు గదిలో, వదిన కుట్టు మిషన్ పక్కనున్న స్పీకరు గంటలా మోగేది. రెండింటినీ కలిపేది ఇంట్లోని వైఫై. మంచానికి ఎదురుగా ఒక కెమెరా కూడా పెట్టాను. ఏడు నెలలు బాగానే నడిచింది. వాకర్ పట్టుకుని, వదిన నడుం పట్టుకుంటే, అన్న ఎనిమిది అడుగులు వేయగలిగే దాకా వచ్చాడు. మంచం నుంచి బాత్రూం తలుపుకు పదకొండు.

నేను చెరకు లారీలు తూచే కాంటా దగ్గర పనిచేస్తాను. చదువు ఇంటర్‌తో ఆగింది. కంప్యూటర్ల సంగతులన్నీ వీడియోలు చూసి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నవే.

మా పై వాటాలో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కుటుంబంతో అద్దెకుంటాడు. వాళ్లు వాడేదీ మా వైఫైయే. ఒక సాయంత్రం ఆయన డ్యూటీ బట్టలతోనే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“భయ్యా, జర బయటికి రా.”

వెళ్లాను.

“మేం కొత్త కెమెరా కొన్నం. దానికోసమని ఫోన్ల యాప్ ఎక్కిస్తే మీ అన్న రూం వచ్చింది. భాభీ ఆయనకు స్నానం చేపిస్తున్నరు. ఖుదా కసమ్, ఎంటనే బంద్ చేసిన.”

“పాస్‌వర్డ్ అడగలేదా?”

“అడిగితె నేనెట్ల చూస్త? పెద్ద కంప్యూటర్ల మాస్టర్‌వైతివి, తాళం ఎయ్యవా?” అని నవ్వబోయి ఆగాడు. “ఇంట్ల పిల్లలున్నరు భయ్యా. ఏమన్న చెయ్యి.”

కెమెరాకు పాస్‌వర్డు పెట్టకుండా వదిలేసింది నేనే. ఆ రాత్రే పెట్టాను. అది చాలదనిపించింది. ఒకే వైఫైలో అందరం ఉండటమే తప్పు అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే కూర్చున్నాను. ఉన్న వైర్ల మీదే, ఉన్న రూటరుతోనే ఇంటి నెట్‌వర్కును మూడు భాగాలు చేశాను. వీటినే వీల్యాన్లు అంటారు, ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది. పది మాది. ఇరవై పై వాటాది. ముప్పై అన్న గదిది, అంటే కెమెరా, బటన్. ఇరవైకి తక్కిన రెండూ కనిపించవు. పది నుంచి ముప్పైకి వెళ్లొచ్చు, ముప్పై నుంచి ఎక్కడికీ రాకూడదు. చవక కెమెరాలను నమ్మకూడదని విన్నాను కాబట్టి అలా మూసేశాను. ఏ పరికరం ఏ నంబరు మీద ఉందో గుర్తుపెట్టుకోనక్కర్లేకుండా, పేరు చెబితే నంబరు చెప్పే చిన్న పెట్టె ఒకటి మా పదిలో పెట్టాను. బటన్‌లో కూడా స్పీకరు నంబరు తీసేసి దాని పేరు రాశాను.

పన్నెండున్నరకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కొక్క పేరునూ పలకరించి చూశాను. ఇంట్లో పద్నాలుగు పరికరాలు. పద్నాలుగూ జవాబిచ్చాయి. కెమెరాలో అన్న పడుకుని కనిపించాడు. మూసేశాను. గదిలోకి వెళ్లి బటన్ నొక్కి చూడలేదు. పద్నాలుగుకు పద్నాలుగు వచ్చాక ఇంకా చూడాల్సిందేముంది అనుకున్నాను.

భోంచేసి హాల్లో కూర్చుని ఆ మూడు భాగాల బొమ్మను స్కేలు పెట్టి గీశాను. కూలర్ నడుస్తోంది. ముందు గదిలో వదిన మిషన్ చప్పుడు. మూడింటికి ఆమె టీ తీసుకుని అన్న గదిలోకి వెళ్లింది. టీ గ్లాసు పగిలిన చప్పుడైంది.

అన్న నేల మీద ఉన్నాడు. లుంగీ తడిసి ఉంది. వాకర్ అతని మీద అడ్డంగా పడి ఉంది. మంచానికీ అతనికీ మధ్య మూడు అడుగులుంటాయేమో.

పై వాటా ఆయన, నేను కలిసి ఎత్తి ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. తుంటి ఎముక విరిగింది. గుండె తట్టుకోదు కాబట్టి ఆపరేషన్ వద్దన్నారు. ఇక నిలబడలేడన్నారు.

సాయంత్రం బట్టల కోసం ఇంటికొచ్చి రూటరులో చూశాను. బటన్ స్పీకరును పేరుతో వెతికింది. ఆ పేరు చెప్పే పెట్టె ఉన్నది పదిలో. ముప్పై నుంచి పదికి దారి నేను మూసేశాను. నేను పరీక్షించింది ఇటు నుంచి అటు. గంట రావాల్సింది అటు నుంచి ఇటు. బటన్ పిలుపును ఆపేసిన ప్రతిసారీ రూటరు ఒక వరుస రాసుకుంది. మొదటిది రెండూ పన్నెండుకు, చివరిది రెండూ నలభై తొమ్మిదికి. ముప్పై ఒక్క వరుసలు.

వార్డు బయట వదిన అడిగింది, “గంట ఎందుకు మోగలే తమ్మీ?”

“బ్యాటరీ అయిపోయినట్లుంది వదినె” అన్నాను.

బటన్‌లో బ్యాటరీ మార్చే పని ఆమెదని నాకు ఆ క్షణంలో గుర్తు లేదు. ఆమె నెత్తి కొట్టుకుంది. “పోయిన నెలనే మార్వాల్సి ఉండె. బ్లౌజుల గడబిడల మర్శిన. నేనే పడగొట్టిన ఆయనను.”

చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె అదే చెప్పింది. నేను పక్కనే ఉండి విన్నాను. నాలుగో రోజు కోహీర్ నుంచి వచ్చిన ఆమె అక్క, “జర హోష్ ఉండాలె గదనే, ఒక్క బ్యాటరీ మార్వరాదా?” అంది. వదిన తల వంచుకుంది. అక్క వెళ్లాక చెప్పాను. బ్యాటరీ బాగానే ఉందని, దారి మూసింది నేనని, అతను ముప్పై ఒక్కసార్లు నొక్కాడని.



“నాలుగు దినాలు నన్ను ఏడ్వనిచ్చినవ్” అంది వదిన. “నీ లెక్కలు నీకే ఉండనియ్. పో, గీ మాట ఆయనకు చెప్పు. గన్నిసార్లు ఒత్తితే ఎవ్వరు రాకపాయె అని ఏమనుకుంటున్నడో.”

లోపలికి వెళ్లి చెప్పాను. వీల్యాన్లు, పేర్లు ఏమీ కాదు. గంట మాకు వినబడలేదని, అది నా తప్పని మాత్రమే. అవునంటే ఎడమ చేత్తో ఒకసారి నొక్కుతాడు, కాదంటే రెండుసార్లు. అతని చెయ్యి పట్టుకుని, “సమజైందా అన్నా?” అని అడిగాను.

ఒకసారి నొక్కాడు.

అడగాల్సింది ఇంకొకటి ఉంది, నన్ను క్షమించావా అని. అడగలేదు. చెయ్యి వదిలి బయటికి వచ్చాను.