మూడు రోజుల వజ్రం

నా ఉంగరంలో ఉన్న వజ్రం ఆవగింజ కంటే కొంచెం పెద్దది, అంతే. ఎవరికైనా చూపించాలంటే చెయ్యి వెలుతురులో పెట్టి నేనే చెప్పాలి, ఇదిగో ఇక్కడ ఉంది అని. ఆస్పత్రి ల్యాబులో రోజంతా చేతులకు రబ్బరు తొడుగులు వేసుకునే పని కాబట్టి పొద్దున తీసి పర్సులో పెట్టుకుంటాను, సాయంత్రం మళ్లీ వేలికి పెట్టుకుంటాను. పెట్టుకునేటప్పుడు నాకు గుర్తొచ్చేది మా ఆయన కాదు. ఈ సంగతి ఆయనకూ తెలుసు, ఏమీ అనుకోడు. గుర్తొచ్చేది మా అమ్మ, మా అత్త, నాందేడ్‌లో నగల దుకాణాలుండే సరాఫా బజారులో గడిచిన ఒక సోమవారం.

మాది ఉమ్రి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఏది నోటికొస్తే అది. నాన్న జిన్నింగు మిల్లులో హమాలీ, అమ్మ పత్తి ఏరడానికి పోయేది. నేను చదువుకుని నాందేడ్‌లో రక్త పరీక్షలు చేసే ఉద్యోగం సంపాదించుకున్నాను. రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. అంతా బాగానే ఉంది కానీ, నా మీద ఒక మాట పడింది. అంతకు రెండేళ్ల ముందు ఒక సంబంధం కుదిరి, మాట అనుకున్న తొమ్మిదో రోజున అబ్బాయి తాత చనిపోయాడు. ఆయన ఏడాదిగా మంచంలోనే ఉన్నాడు. అయినా పిల్ల పాదం మంచిది కాదన్నారు, సంబంధం వదులుకున్నారు. ఆ ముసలాయన మంచం ఎక్కినప్పుడు నేనెవరో కూడా వాళ్లకు తెలియదు కదా అని నేను అరిస్తే, ఆడపిల్ల నోరు కూడా మంచిది కాదన్నారు.

ఆ తర్వాత వచ్చిన సంబంధాలన్నీ చాయ్ తాగి వెళ్లిపోయినవే. నాకు కోపం వచ్చేది. అమ్మకు భయం వేసేది. నా కోపం రైలెక్కితే తగ్గేది, అమ్మ భయం మాత్రం ఎక్కడికీ పోయేది కాదు.

మా అత్త నాకు మొదట ల్యాబులోనే కనిపించింది. షుగరు పరీక్షకు వచ్చింది. నాందేడ్‌లో క్లాసులకు వచ్చే పిల్లలకు అన్నం పెట్టే ఖానావళి నడిపే మనిషి. రెండు పూటలా అరవై మందికి రొట్టెలు చేసిన చేతులవి, నరం దొరకడమే కష్టమైంది. ఎలాగో దొరికించుకుని రక్తం తీశాను. సూది గుచ్చినట్టే తెలియలేదని మెచ్చుకుని, నా యాస విని, ఏ ఊరు బిడ్డా అని తెలుగులో అడిగింది. నెల తిరగకుండా కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. అబ్బాయి నాకు నచ్చాడు. పాత సంబంధం సంగతి మాత్రం అమ్మ వాళ్లకు చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

నిశ్చితార్థానికి కోడలికి వజ్రపుటుంగరమే పెడతానని అత్త పట్టుబట్టింది. తన నిశ్చితార్థంలో పెట్టిన ఉంగరం నెలలోపే నల్లబడి వేలికి పచ్చటి గీత మిగిల్చిందట. నా కోడలికి అలా జరగకూడదని ఆ రోజే అనుకున్నానంది. బంగారం చాలు వదినె, వజ్రం అందరికీ అచ్చిరాదంటారు అని అమ్మ మెల్లగా చెప్పి చూసింది. అత్త వినలేదు. ఒక శుక్రవారం మమ్మల్ని సరాఫాకు తీసుకుపోయింది.

ఆ దుకాణం సేఠ్ ముసలాయన, అత్తకు ఇరవై ఏళ్లుగా తెలిసినవాడు. తెల్ల కాగితం పరిచి ఆరు రాళ్లు పోశాడు. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఆయనే నవ్వి, దుకాణం దీపాల కింద గాజు పెంకు కూడా మెరుస్తుందని చెప్పి, కాగితం తీసుకుని గడప దగ్గరికి నడిచాడు. పగటి వెలుతురులో చూడాలట. ఒక రాయి మీద నోటితో ఆవిరి ఊది, అది క్షణంలో ఆరిపోవడం చూపించాడు, అసలు వజ్రం మీద ఆవిరి నిలవదట. నేను భూతద్దం కంటికి పెట్టుకుని తెలిసినట్టు తలాడించాను. అత్త భూతద్దం ముట్టుకోలేదు. వంగి చూసి, ఒక రాయిని వేలితో పక్కకు తోసి, దీంట్లో నల్లగ ఏదో ఉందంది. సేఠ్ చూసి, నిజమేనన్నాడు. ముప్పై ఏళ్లు కందిపప్పులో రాళ్లు ఏరిన కళ్లవి మరి. అలా ఒక్కొక్కటే అయిదు పక్కకు పోగా మిగిలిన ఒక్కటే నాది.

కొనేశామని నేననుకున్నాను. కానీ మా దిక్కు వజ్రాన్ని అలా కొనరు. మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని చూస్తారు. పెట్టుకోబోయే మనిషి తల కింద ఉంచుకుని పడుకోవాలి. పీడకలలు రాకుండా, ఇంట్లో ఎవరికీ ఏమీ కాకుండా గడిస్తే ఆ రాయి మంచిది, లేకపోతే తిరిగి ఇచ్చేయాలి. దుకాణంవాళ్లు కూడా తెలిసినవాళ్లయితే ఏమీ అనకుండా ఇస్తారు. సేఠ్ రాయిని చిన్న పొట్లం కట్టి, అత్త ముఖం చూసి, చీటీ కూడా రాయకుండా నా చేతిలో పెట్టాడు. “లేజావ్ బేటీ, తీన్ దిన్ దేఖో” అన్నాడు. అమ్మ ముఖంలో రక్తం లేదు. రాయికి పరీక్ష అని వాళ్లనుకున్నారు. పరీక్ష ఎవరికో అమ్మకూ నాకూ తెలుసు. ఈ మూడు రోజుల్లో ఏదైనా జరిగితే, పిల్ల పాదం సంగతి మళ్లీ లేస్తుంది.

ల్యాబులో పనిచేసేదాన్ని, నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని రైల్లో అమ్మతో గొప్పగా అన్నాను. ఇంటికి వచ్చాక నాన్న తుమ్మినా ఉలిక్కిపడ్డాను.

అమ్మ మూడు రోజులూ పత్తికి పోలేదు. ఆ పొట్లానికి కాపలా కూర్చుంది. మొదట జొన్నల డబ్బాలో పెట్టింది, ఎలుకలు డబ్బాలోకి పోతాయని తీసింది. బీరువా లేదు కాబట్టి నా పాత పుస్తకాల పెట్టెలో పెట్టింది, చెదలు గుర్తొచ్చి అక్కడినుంచీ తీసింది. చెదపురుగు వజ్రాన్ని తినదమ్మా అంటే, కాగితం తింటది గద అంది. ఆఖరికి గోడకు ఎత్తుగా ఉన్న మాహూర్ రేణుకమ్మ పటం వెనక దాచింది. రాత్రి మాత్రం నా దిండు కిందకు, తెల్లారగానే మళ్లీ పటం వెనక్కు. మధ్యలో గంటకోసారి బకెట్టు బోర్లించి, దానిమీద ఎక్కి, ఉందో లేదో తడిమి చూసేది. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

ఆదివారం మధ్యాహ్నం నేను బట్టలు ఉతుకుతుంటే లోపల పెద్ద చప్పుడైంది. పరుగెత్తాను. బకెట్టు ఒక మూల, అమ్మ ఒక మూల. కుడి చెయ్యి ఒంటి కింద మడతపడి ఉంది. నేను లేవదీయబోతే, అమ్మ ముందు తన పిడికిలి చూపించింది. “రాయి ఉన్నది బిడ్డా, పోలే” అంది. పడేటప్పుడు అరచెయ్యి నేలకు ఆన్చి ఉంటే ఇంత దెబ్బ తగిలేది కాదు. పొట్లం జారిపోతుందని పిడికిలి విప్పలేదు. అలాగే పిడికిలి మీద పడింది, మణికట్టు విరిగింది.

ఉమ్రి ఆస్పత్రిలో మోచేతి దాకా కట్టు వేశారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఏడుస్తూనే ఉంది, నొప్పికి కాదు. నా సంబంధం తన చేతులారా చెడగొట్టానని. ఇంటికి చేరేసరికి ఏడుపు ఆగింది, ఉపాయం తట్టింది. చేతికి శాలువా కప్పుకుని పోదాం, అంతా బాగుందని చెబుదాం అంది. నేను ఒప్పుకోలేదు. “వెయ్యి అబద్ధాలాడన్న ఒక పెండ్లి చెయ్యాలంటరు. గిది ఒక్కటే గద బిడ్డా” అంది. పోయినసారి తాత సంగతి దాచింది ఒకటి, ఇది రెండు అని నేను లెక్క చెప్పబోయాను. కానీ అమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం మా ఇంట్లో అరుదు.

సోమవారం ఎండ చురుక్కుమంటోంది. అమ్మ శాలువా కప్పుకుని సరాఫాలో కూర్చుంది. చలిగా ఉందా అని సేఠ్ మామూలుగా అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అమ్మ గబుక్కున శాలువా సర్దుకుంది. పిల్లకు నిద్ర బాగా పట్టిందా, ఇంట్లో అందరూ బాగున్నారా అని అత్త అడిగింది. అంతా మంచిగుంది అని అమ్మ చెప్పింది. చాయ్ వస్తే తాగనంది. మా అమ్మ చాయ్ వద్దనడం నేను పుట్టాక అదే మొదలు.

రాయి ఖాయమైందని సేఠ్ సంతోషంగా పసుపు కుంకుమల పళ్లెం తెప్పించాడు. ఇది మేమిద్దరం అనుకోలేదు. నిశ్చితార్థం సొమ్ము ఖాయమైతే రెండు వైపుల తల్లులూ ఒకరికొకరు బొట్టు పెట్టుకోవాలి. అత్త ముందుకు జరిగి అమ్మ నుదుట పెట్టింది. తర్వాత పళ్లెం అమ్మ ముందుకు జరిపింది. అమ్మ కదల్లేదు. ఎడమ చేత్తో బొట్టు పెట్టకూడదు, కుడి చెయ్యి బయటికి తీయడానికి లేదు. పళ్లెం వైపు చూస్తూ కూర్చుంది. ఆ ఊరుకోవడం అత్తకు ఎలా తోచిందో గానీ, ఆమె ముఖం చిన్నబోయింది. మా అమ్మ తనకు బొట్టు పెట్టడం ఇష్టం లేక కూర్చుందని ఆమె అనుకోవడం నేను ఓర్చుకోలేకపోయాను.

“అత్తమ్మా, అమ్మ చెయ్యి విరిగింది. నిన్ననే. రాయి ఇంట్ల ఉన్నప్పుడే” అన్నాను.

అంతటితో ఆగలేదు. పటం, బకెట్టు, పిడికిలి అన్నీ చెప్పాను. నా పాదం మంచిది కాదని ఒక సంబంధం పోయిందనీ చెప్పాను. ఇంక దాచేదేమీ లేదు, రాయి మీ దగ్గర పెట్టుకోండి అన్నాను. అమ్మ తల దించుకుంది. 

అత్త శాలువా మెల్లగా పక్కకు తీసి కట్టు చూసింది. “పడ్డప్పుడు పిడికిలి ఇప్పితె ఇంత విరగకపోవు గద వదినె” అంది.

“ఇప్పితె రాయి యాడ వడుతుండెనో. మీ సొమ్ము గద” అంది అమ్మ.

 అత్త సేఠ్ వైపు తిరిగి, ఇదే రాయి, ఉంగరంలో బిగించమని మరాఠీలో చెప్పింది. ఆ తాత సంగతి తనకు మొదటే తెలుసట. మా ఊరి పిల్లలు ఖానావళిలో తింటారు, అన్నం దగ్గర ఏ మాటా దాగదు. ఇక ఈ మూడు రోజుల్లో తన ఇంట్లో మిక్సర్ కాలింది, గ్యాస్ అయిపోయింది, వంట మనిషి పని మానేసింది. ఆ రాయి తన ఇంట్లో లేదు కదా, దేన్ని తిట్టుకోవాలని అడిగింది. సేఠ్ పకపకా నవ్వాడు. నేను నవ్వబోయి ఏడ్చాను.

పళ్లెం ఇంకా అక్కడే ఉంది. అమ్మ కట్టు చేతిని ఎత్తబోయింది, నొప్పికి పైకి రాలేదు. ఒడిలోనే ఉండిపోయింది. కట్టు చివర నాలుగు వేళ్ల కొనలు మాత్రం కనిపిస్తున్నాయి.

మా దిక్కు అబ్బాయి తల్లి వంగదు. వంగాల్సింది ఆడపిల్లవాళ్లు. చిన్నప్పటినుంచి చూసింది అదే. మా అత్త పళ్లెం ఎత్తి, అమ్మ వేలికొనకు తానే కుంకుమ అంటించింది. కుర్చీ దిగి, దుకాణం నేల మీద మోకాళ్లూని, అమ్మ ఒడి దగ్గరికి తల వంచింది. “నీ చెయ్యి పైకి రాకుంటె ఏంది వదినె, నేనే కిందికొస్త” అంది.

కట్టులో అమ్మ వేలు సరిగా ఆడక బొట్టు వంకరగా పడింది, కొంత ముక్కు మీద కూడా రాలింది. అత్త తుడుచుకోలేదు. అలాగే బజారంతా నడిచి ఖానావళికి పోయి, పిల్లలకు వడ్డించింది.

ఇది జరిగి ఆరేళ్లు దాటింది. ఈ ఇంట్లో నన్ను ఎవరూ పాదం మాట అనలేదు. నా నోటి గురించి మాత్రం అత్త రోజూ అంటుంది, అది న్యాయమే. జీవితంలో నేను ఎవరికైనా నిండుగా రుణపడి ఉన్నానంటే ఆ ఇద్దరు ఆడవాళ్లకే. ఒకామె నా కోసం పిడికిలి విప్పలేదు, ఇంకొకామె నా తల్లి ముందు తల వంచింది. అమ్మ మణికట్టు బాగానే అతుక్కుంది. ఇప్పుడు చెయ్యి తల పైదాకా లేస్తుంది, పత్తి కూడా ఏరుతుంది. పండగలకు నాందేడ్ వచ్చినప్పుడు వాళ్లిద్దరూ ఒకరికొకరు బొట్టు పెట్టుకుంటారు. అమ్మ చెయ్యి ఎత్తేలోపే అత్త వంగి ఉంటుంది.